నిండు మోతాదు

మందుల కాలేజీలో చేరుతున్నానని చెప్పినప్పుడు మా కాలనీలో ఎవరికీ సంగతి అర్థం కాలేదు. చర్చికి పోయే ఇంటి ఆడపిల్ల ఆస్పత్రి చదువు చదువుతానంటే అది నర్సు చదువే అయి ఉంటుందని అనుకున్నారు. "సూదులేసుడు నేర్సుకుంటవా బిడ్డా?" అని అడిగేవాళ్ళు. కాదు, మందులు కలిపేది నేర్చుకుంటానంటే, "కంపౌండరా? ఆడోళ్ళు గూడ అయితరా?" అని నోరు తెరిచేవాళ్ళు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని అవ్వ ఊరికే అనేది కాదు. "అయితరు, సూస్తుండున్రి" అని నా దారిన నేను పోయేదాన్ని.

మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో ఫిల్లర్, అంటే కింద పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బులు నింపే మనిషి. అంతకుముందు సుల్తానాబాద్ దగ్గర ఒక పల్లెలో ఇతరుల పొలాల్లో నాట్లకు, కోతలకు పోయేవాడు. బాయి పని దొరికాక అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని వచ్చేశాడు. నేను మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మిషన్ దొరసాని ఒకామె నా మార్కులు చూసి హైదరాబాదులో మందుల చదువు ఉందని చెప్పింది. బాపు ఏమీ అడగలేదు. "మందులంటె మంచిదే. ఎవల్కో ఒకలకు పనికొస్తది" అన్నాడు.

కాలేజీలో మొదటి కొన్ని నెలలు కడగడంతోనే సరిపోయింది. కల్వాలు కడుగు, కొలగ్లాసులు కడుగు, సీసాలు కడుగు. ఆ తర్వాత తూచడం. తూకం రాళ్ళను వేళ్ళతో ముట్టకూడదు, చిన్న పట్టకారుతోనే తీయాలి. చేతి చెమట అంటితే రాయి బరువెక్కుతుందని మా లెక్చరరు చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "నీకు నవ్వులాట, పసిపిల్లకు ప్రాణం" అన్నాడు. ఆ మాట తర్వాత త్రాసు ముందు నేనెప్పుడూ నవ్వలేదు. తూకాలు కూడా రెండు రకాలు నేర్చుకోవాల్సి వచ్చింది. పాత డాక్టర్లు గ్రెయిన్లలో, డ్రాముల్లో రాసేవాళ్ళు, కొత్తవాళ్ళు గ్రాముల్లో. రెండూ రాకపోతే పరీక్ష గట్టెక్కేది కాదు.

చీటీల మీద లాటిన్ ఇంకో గొడవ. చిన్న తరగతుల్లో ఉర్దూ, తర్వాత తెలుగు, హాస్టల్లో ఇంగ్లీషు, ఇప్పుడు ఇది. రోజుకు మూడుసార్లు అని రాయడానికి చచ్చిపోయిన భాష ఎందుకని విసుగొచ్చి ఒకరోజు లేచి అడిగేశాను. "రోగికి తెలియకూడదనా సార్?" క్లాసంతా నా వైపు తిరిగింది. "రోగికి తెలియకూడదని కాదమ్మా, నీకు తెలియాలని. రోగికి తెలిసేలా చెప్పడం నీ పని" అన్నాడాయన. ఆ జవాబు నాకు నచ్చింది. నచ్చినట్టు కనిపించకుండా కూర్చున్నాను.

వనమూలికల క్లాసంటే మాత్రం నాకు పండగే. ఆకులు, బెరళ్ళు, గింజలు బల్ల మీద పరిచి, వాసన చూసి, కొరికి, పేరు చెప్పాలి. పట్నం పిల్లలకు నేలతంగేడు ఆకు అంటే పుస్తకంలో బొమ్మ. నాకు అది మా ఇంటి వెనక గట్టు. ఒకనాడు సీసాలోంచి గుండీల్లాంటి బూడిదరంగు గింజలు తీసి ఇవేమిటని అడిగితే ఎవరూ పలకలేదు. "ముష్టి గింజలు సార్. మా ఆదిలాబాద్ అడవుల్లో గంపలకొద్దీ ఏరుతారు" అన్నాను. అవి విషం, కొరకొద్దని ఆయన ముందే చెప్పాడు కాబట్టి ఎవరూ కొరకలేదు. కొరికి ఉంటే క్లాసు సగమయ్యేది.

నాకు అన్నిటికంటే బాగా చేతనైన పని కాచెట్లు కట్టడం. బియ్యప్పిండితో చేసిన పల్చటి, గుంట ఉన్న బిళ్ళలు ఉంటాయి. ఒక బిళ్ళలో చేదు పొడి తూచి పోసి, ఇంకో బిళ్ళ అంచు తడిపి పైన అతికిస్తే, పొడి లోపల దాక్కుంటుంది. మింగేముందు నీళ్ళల్లో ముంచితే మెత్తబడి గొంతులోంచి జారిపోతుంది. తడి ఎక్కువైతే బిళ్ళ చిరుగుతుంది, తక్కువైతే అతకదు. మగపిల్లలు పది కడితే సగం చింపేవాళ్ళు. నావి చిరిగేవి కావు. రొట్టెలు చేసే ఇంట్లో పుట్టినదానికి పిండి మాట వింటుంది.

చదువు ముగిసే ముందు లెక్చరరు ఒక్కొక్కరినీ లేపి, బయటికి పోయి ఏం చేస్తారని అడిగాడు. ఒకడు మందుల దుకాణం పెడతానన్నాడు. ఇంకొకడు బొంబాయి కంపెనీ తరఫున బ్యాగు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతానన్నాడు. ఫ్యాక్టరీలో చేరతామన్నవాళ్ళు చాలామంది. నా వంతు వచ్చింది. "బొగ్గుబాయిల దగ్గర ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ ఉంటుంది సార్. ఆ కిటికీ లోపల నిలబడతాను" అన్నాను. అందరూ నవ్వారు. కిటికీ కోసం ఇంత చదువా అని వాళ్ళ ఉద్దేశం. ఆ కిటికీ బయట నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు నిలబడ్డానో వాళ్ళకేం తెలుసు.

పరీక్ష పాసైనంత మాత్రాన పట్టా చేతికి రాదు. ఏదైనా ఆస్పత్రి మందుల గదిలో కొన్ని నెలలు శిక్షణ పొందాలి. నాకు కరీంనగర్‌లో చోటు దొరికింది. చేరేముందు ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే బాపు దగ్గు వినిపించింది.

మనిషి చిక్కిపోయాడు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతోందని అవ్వ చెప్పింది. గూట్లో ఎర్ర మందు సీసా ఉంది, మోతాదులు తెలియడానికి గాట్లు పెట్టి కత్తిరించిన కాగితం పట్టీ అతికించి. ఆ ఎర్ర మందును కాలేజీలో నేను చేతులారా కలిపాను. అందులో ఏముందో, ఏం లేదో నాకు తెలుసు. ఇది దానితో పోయే దగ్గు కాదు, పెద్దాస్పత్రికి పోదాం పదమన్నాను. "దుమ్ము దగ్గు బిడ్డా. బాయిల దిగినోనికి దగ్గుండదా?" అని బాపు కొట్టిపారేశాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? పట్నం పోయి మందుల చదువు చదివి వచ్చినా, బాపుకు నేను పెరటి చెట్టునే.

మొండిదానికి మొండి తండ్రి. నేనూ ఊరుకోలేదు. ట్రంకు పెట్టె మోసుకుని ఒక్కదాన్నే కరీంనగర్ పోలేను, తోడు రమ్మన్నాను. ఆడపిల్లను ఒంటరిగా పంపడం బాపుకు ఇష్టం ఉండదు. పెద్దపల్లి దాకా రైలు, అక్కడినుంచి బస్సు. ఆస్పత్రిలో పెట్టె దింపగానే బాపు చేయి పట్టుకుని తీసుకెళ్ళి రోగుల వరుసలో నిలబెట్టాను. "ఇదేంది బిడ్డా" అంటూనే నిలబడ్డాడు. అంతమందిలో కూతురితో కొట్లాడడం ఆయనకు నామోషీ.

క్షయ అని తేలింది. పాస్ అనే పొడి, దానితో పాటు చిన్న మాత్రలు, ఏడాదికి పైగా మానకుండా వాడాలని డాక్టరు రాశాడు. సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమని కూడా చెప్పాడు. బాపు బుద్ధిగా తల ఊపి, ఇంటికి పోయి, మర్నాడే డ్యూటీకి దిగాడు. ఛాతీ జబ్బని తెలిస్తే కింద పని మాన్పించి పై పనికి వేస్తారని బాయిలో అందరి భయం. పై పని అంటే జీతం తక్కువ, పరువు ఇంకా తక్కువ అని వాళ్ళ లెక్క. కాలనీలో ఎవరికీ చెప్పొద్దని బాపు నా దగ్గర మాట తీసుకున్నాడు. మందు వాడతానంటే సరేనని నేనూ ఒప్పుకున్నాను.

పాస్ పొడిని మింగడం మాటలు కాదు. గుప్పెడంత పొడి రోజూ లోపలికి పోవాలి, కడుపులో తిప్పేస్తుంది. మొదటి నెల బాపు సగం వాంతి చేసుకున్నాడు. అప్పుడు నాకు కాచెట్లు గుర్తొచ్చాయి. మందుల గది పెద్దాయనను అడిగితే, పని వేళ అయ్యాక కట్టుకోమన్నాడు. బిళ్ళలు పట్నం నుంచి స్నేహితురాలితో తెప్పించుకున్నాను. డాక్టరు రాసిన పొడినే తూచి, బిళ్ళల్లో పెట్టి, ఆరబెట్టి, డబ్బాలో సర్దేదాన్ని. బాపు నెలకోసారి సెలవు రోజున వచ్చి తీసుకుపోయేవాడు. "గివైతె కమ్మగ పోతున్నయి బిడ్డా" అన్నాడు ఒకసారి. ఏ పరీక్ష పాసైనా నాకు అంత సంతోషం కలగలేదు.

కానీ బాపుకు తగ్గలేదు. మొదట కొంచెం తేరుకున్నట్టే ఉండి, మళ్ళీ వెనక్కి పోయాడు. బరువు తగ్గుతోంది, కళ్ళెలో క్రిములు పోవడం లేదు. డాక్టరు నన్ను పిలిచి, "మీ నాన్న మందు సరిగా వేసుకుంటున్నాడా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నేను తూచిన మందు, నేను కట్టిన బిళ్ళలు, డబ్బా ఖాళీ అయ్యాకే మళ్ళీ వస్తున్నాడు, వేసుకోక ఏం చేస్తాడు అనుకున్నాను. పైకి మాత్రం "కనుక్కుంటాను సార్" అన్నాను. నిజం చెప్పాలంటే భయమేసింది. ఈ మందు కూడా పనిచేయకపోతే బాపు నాకు దక్కడు. దీని తర్వాత ఇవ్వడానికి మా గదిలో పెద్దగా ఏమీ లేదు.

ఆ ఆదివారం చెప్పకుండా ఇంటికి వెళ్ళాను. బాపు ఇంట్లో లేడు. మందు ఎప్పుడు, ఎలా వేసుకుంటున్నాడని అవ్వను అడిగాను.

"పొద్దుగాల తిన్నంక కొన్ని ఏస్కుంటడు. కొన్ని డబ్బిల పెట్టుకొని డ్యూటీకి తీస్కపోతడు."

"డ్యూటీకెందుకు? అన్నీ ఇంట్లనే తిన్నంక ఏస్కోవాలెనని చెప్పిన గద?"

"ఏమో బిడ్డా. కింద ఏస్కుంటా అన్నడు."

బొగ్గు దుమ్ములో, చెమట చేతులతో, నీళ్ళల్లో ముంచి మింగాల్సిన బిళ్ళలు కింద వేసుకుంటాడా? నాకు నమ్మకం కుదరలేదు. బాపు రాగానే, కాళ్ళు కూడా కడుక్కోనీయకుండా అడిగాను. అబద్ధం ఆడడం ఆయనకు రాదు.

"జోడీగానికి ఇస్తున్న" అన్నాడు. "వాడు గూడ దగ్గుతుండు."

జోడీ అంటే బాపుతో కలిసి టబ్బులు నింపే మనిషి. ఆదిలాబాద్ అవతలి పల్లె నుంచి వచ్చినవాడు, మాటలో మరాఠీ దొర్లేది. బాపు కంటే చిన్నవాడు, అందుకే నేను చిన్నబాపు అనేదాన్ని. ఇద్దరూ ఒకే తట్ట, ఒకే సద్ది. కింద పొగాకు చిటికెడున్నా అది రెండు చిటికెలయ్యేది. ఎవరి దగ్గర ఏముంటే అది ఇద్దరిదీ అన్నది బాయిలో జోడీల పద్ధతి. ఆ పద్ధతినే బాపు నా మందుకూ పట్టించాడు.

"ఆయనను ఆస్పత్రికి రమ్మనచ్చు గద?"

"వానికి భయం. పై పనికి ఏస్తరని."

"అందుకని నీ మందు సగం ఇస్తవా?"

"వాడు పక్కన దగ్గుతుంటే నేనొక్కన్నే మింగాల్నా?"

అవ్వ పొయ్యి దగ్గర తల కొట్టుకుంది. "తా దూర కంత లేదు, మెడకో డోలు! నీ పానమే గట్ల పోతుంటె, ఊరోళ్ళ పానం నీకెందుకయ్యా?"

నేను అరిచాను. అరిస్తే బాపు ఇంకా బిగుసుకుంటాడని తెలిసీ అరిచాను. తర్వాత కొంచెం తమాయించుకుని, ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పాలని చూశాను.

"బాపూ, కింద కప్పుకు రెండు దుంగలు నిలబెట్టాల్సిన తావుల ఒక్కటే నిలబెడితే, సగం కప్పు ఆగుతదా?"

"సగమేంది? మొత్తం కూలుతది."

"మందు గూడ గంతే. సగం ఏస్కుంటే సగం రోగం పోదు. ఉన్న రోగం మందుకు అలవాటు పడ్తది. అప్పుడు నీకూ పని చెయ్యది, ఆయనకూ పని చెయ్యది. ఇద్దరూ పోతరు."

బాపు పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలిపాడు, తినలేదు. అర్థమైందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు తలెత్తి, "అట్లయితె సగం సగం వద్దు. మొత్తం వానికే ఇద్దాం. వాని పిల్లలు చిన్నోళ్ళు. నువ్వంటే నీ కాళ్ళ మీద నిలబడ్డవు" అన్నాడు.

అంత కోపం నాకు జీవితంలో మళ్ళీ రాలేదు. నేను నిలబడ్డది ఇందుకేనా? అవ్వ ముఖం చూడలేక లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా చిన్నబాపు ఇంటికి నడిచాను. రెండు వరుసల అవతలే ఇల్లు. ఏమనాలో దారిలోనే అనుకున్నాను. మా బాపు నీవల్ల చచ్చిపోతున్నాడు, నీ భయం కోసం ఆయన ప్రాణం తీయకు. ఇంతకంటే మెత్తగా చెప్పే ఉద్దేశం నాకు లేదు.

ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని చిన్నకూతురి జడ అల్లుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు. లేస్తే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా మంచం పట్టె పట్టుకుని నిలబడి, భార్యను కేకేశాడు. "ఏయ్, ఎవలొచ్చిండ్రో సూడు! మన డాక్టరమ్మ వచ్చింది!" ఆమె రొట్టె పిండి చేతులతోనే బయటికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ చేతి బిళ్ళలే బిడ్డా నన్ను నిలబెడుతున్నయి" అన్నాడు చిన్నబాపు. "మీ బాపు తెచ్చిచ్చిన కాడికెల్లి రోజు నీ పేరు తలుసుకొనే మింగుతున్న. సొంత తమ్ముడన్న గింత ఫికర్ చెయ్యడు. నీ బాపుకు పంపుకుంట నాకు గూడ పంపాలెనని ఎట్ల యాదికొచ్చింది బిడ్డా నీకు?"

బాపు ఆయనకు అలా చెప్పాడన్నమాట. వేరే డబ్బా నేనే పంపిస్తున్నానని. తన వాటా ఇస్తున్నానంటే చిన్నబాపు పుచ్చుకోడని బాపుకు తెలుసు. అబద్ధం రాదనుకున్న మనిషి ఇంత పెద్ద అబద్ధం ఆడాడు. నేను కూడబెట్టుకుని వచ్చిన మాటలను ఆ ఇద్దరి ముఖాలూ చూస్తూ పైకి అనడం నావల్ల కాలేదు.

"అవును చిన్నబాపూ, నేనే పంపిన" అన్నాను. "కని అది సగం మందే. డాక్టర్ సూడకుంట నేను నిండుగ ఇయ్యరాదు. సగం మందు ఎక్కువ రోజులు మింగితే రోగం ముదురుతది. ఇగ నేను పంప. నువ్వే రావాలె."

"నక్కో, వద్దు బిడ్డా. బాయిల తెలుస్తది."

"తెలవనియ్యి. పై పని చేసుకుంట పిల్లలను సూసుకుంటవా, కింద పని చేసుకుంట వాళ్ళను ఆగం చేస్తవా?"

ఆయన భార్య నా చేతులు వదిలి ఆయన వైపు తిరిగింది. "వస్తడు" అంది నాతో. ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు.

వచ్చాడు. ఇద్దరూ కలిసి రైలెక్కి, బస్సెక్కి, కరీంనగర్ వచ్చారు. తర్వాత జరిగింది ఇప్పుడే చెప్పేస్తాను. డాక్టరు ఇద్దరికీ మందులు మార్చి రాశాడు, సూదులు కూడా కలిపాడు. ఇద్దరూ సెలవు పెట్టారు. చిన్నబాపును తర్వాత పైన దీపాల గదిలో వేశారు. పని పోలేదు, పరువూ పోలేదు. దీపం తీసుకోవడానికి అందరూ ఆయన దగ్గరికే రావాలి కాబట్టి కొంచెం పెరిగింది కూడా. బాపుకు తగ్గడానికి రెండేళ్ళ దాకా పట్టింది. నాకు పట్టా వచ్చింది, కోరుకున్న కిటికీ దొరికింది. జీవితమంతా అందులోనే నిలబడ్డాను.

కానీ నేను చెప్పాలనుకున్నది వాళ్ళిద్దరూ వచ్చిన ఆ మొదటి రోజు సంగతి. చిన్నబాపు ఎక్స్‌రే చూసి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈయనది చాలా పాతది. మీ నాన్నది దీని తర్వాతది. పక్కపక్కన పని చేస్తారు కదా, ఈయన నుంచే ఆయనకు వచ్చి ఉంటుంది" అన్నాడు.

బయట వరండాలో బాపు గోడకానుకుని కూర్చున్నాడు. చిన్నబాపు లోపల ఉన్నాడు. నేను బాపు ముందు నిలబడ్డాను.

"ఆయనతోనే నీకు వచ్చిందంట. నీకెర్కనా?"

"ఎర్కే."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది. నేను దగ్గకముందు వాడే దగ్గుతుండె గద, ఎర్కుండదా?"

"ఎర్కుండి గూడ ఆయనకే పెట్టినవా సగం?"

బాపుకు నా ప్రశ్నే అర్థం కాలేదు. నన్ను ఎగాదిగా చూశాడు. "మరి ఎవలకు పెట్టాలె బిడ్డా? దగ్గేది వాడే గద" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బాపు మీద కోపమూ, ప్రేమా ఒక్కసారే పొంగుకొచ్చి, రెండిట్లో ఏది ఏదో తెలియలేదు. అక్కడ నిలబడలేక మందుల గదిలోకి వెళ్ళాను. ముఖం కడుక్కున్నాను, చేతులు కడుక్కున్నాను. ఇద్దరి చీటీలూ పక్కపక్కన పెట్టుకుని, త్రాసు సరిచేసి, ముందు చిన్నబాపు మందు తూచాను.